పాత కంప్యూటర్‌లో చక్కగా ఉన్న యాక్సెస్ ఫారాలు కొత్త ల్యాప్‌టాప్‌లో చెదిరిపోయాయి, సాయం చేయండి

కాశీబుగ్గ గుమాస్తా | సోమవారం, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. నేను ప్రోగ్రామర్‌ను కాను. పలాస కాశీబుగ్గలో ఒక జీడిపప్పు పరిశ్రమలో లెక్కలు రాస్తాను. పన్నెండేళ్ల కిందట మా పాత కంప్యూటర్‌లో ఉన్న మైక్రోసాఫ్ట్ వారి డేటాబేసు సాఫ్ట్‌వేర్ యాక్సెస్ 2003తో, పుస్తకం పక్కన పెట్టుకుని, జీడి పిక్కల కొనుగోలుకు ఒక డేటాబేసు తయారు చేసుకున్నాను. రైతు పేరు, ఊరు, 80 కిలోల బస్తాలు ఎన్ని, ధర ఎంత, ముందుగా ఇచ్చిందెంత, బాకీ ఎంత, అన్నీ ఒకే ఫారంలో కనిపించేవి. ఉద్దానం నుంచి బండి వచ్చి గేటు దగ్గర ఆగితే, కాటా వేసి బస్తాలు దించేలోగా రశీదు తీసి చేతికిచ్చేవాడిని.

ఈ నెల మా యజమాని కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. అందులో కొత్త యాక్సెస్ ఉంది. పాత ఫైలు తెరిస్తే ఏవో హెచ్చరికలు వస్తున్నాయని, కొత్తగా ఒక ఖాళీ డేటాబేసు సృష్టించి టేబుళ్లు, ఫారాలు, రిపోర్టులు అన్నీ అందులోకి ఇంపోర్ట్ చేశాను. అక్కడి నుంచి కష్టాలు మొదలయ్యాయి. రైతు వివరాల ఫారం మునుపు పోస్టుకార్డంత కిటికీలో తెర మధ్యన తెరుచుకునేది. ఇప్పుడు తెరంతా పరుచుకుంటోంది, గడులు మాత్రం పై ఎడమ మూలన బిక్కుబిక్కుమంటూ కూర్చుంటున్నాయి. పెద్ద కొనుగోలు ఫారంలో అడుగున ఉండే మొత్తాలు, రశీదు బటన్ కనిపించడం లేదు. అన్నిటికంటే ఘోరం, పేర్లలో ఒత్తులు తెగిపోతున్నాయి. కొత్తపల్లి 'కొతపలి' అయింది. అప్పన్న గారు 'అపన' అయ్యారు. యజమాని నిన్న తెర చూసి, ఈ అపన ఎవరు, మనకెప్పుడు పిక్కలు వేశాడు అని అడిగారు.

సరుకు వచ్చే రోజులు. తొందరగా దారి చూపగలరు.

గంటస్తంభం కుర్రాడు | సోమవారం, ఉదయం 10:58

ఫైలు పాడైంది. కంపాక్ట్ అండ్ రిపేర్ చేయండి. దానికీ లొంగకపోతే ఆఫీసు మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించండి. విజయనగరంలో మా దుకాణానికి ఇలాంటివి వస్తూనే ఉంటాయి.

కాశీబుగ్గ గుమాస్తా | సోమవారం, మధ్యాహ్నం 12:15

కంపాక్ట్ చేశాను. ఫైలు 38 ఎంబీ నుంచి 21 ఎంబీకి తగ్గింది. అపన మాత్రం అపనగానే ఉన్నారు. ఆఫీసు తీసేయాలంటే యజమాని అనుమతి కావాలి, ఆయన మందస వెళ్లారు.

ఆమదాలవలస మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 12:50

గుమాస్తా గారూ, యజమాని గారిని ఇబ్బంది పెట్టకండి, ఆఫీసు జోలికి పోకండి. కంపాక్ట్ చేస్తే ఫైలులో పేరుకున్న ఖాళీ జాగా పోతుంది, అంతే. గడి ఎత్తునూ ఫారం వెడల్పునూ అది ముట్టుకోదు. ఫైలు నిజంగా పాడైతే లక్షణాలు వేరుగా ఉంటాయి. ఫారం డిజైన్ వ్యూలో (ఫారం రూపును మార్చుకునే చోట) కూడా తెరుచుకోదు, లేదా తెరవగానే యాక్సెస్ మూతపడుతుంది, లేదా ఒక రికార్డులో చైనా లిపి లాంటిది ప్రత్యక్షమవుతుంది. మీకు ఇవేవీ లేవు. తమాషా ఏమిటంటే, ఫైలు పాడైనప్పుడు చేసే చివరి వైద్యం అన్నీ కొత్త ఖాళీ ఫైలులోకి ఇంపోర్ట్ చేసుకోవడమే. ఆ వైద్యం మీరు జబ్బు లేకుండానే చేసేశారు, మొదటి ఇబ్బంది దానివల్లే వచ్చింది.

యాక్సెస్ 2007 నుంచి కొత్తరకం ఫైలు ఏది సృష్టించినా ఫారాలు ట్యాబుల్లో తెరుచుకునే అమరికతో పుడుతుంది. మీ పాత ఫైలుది విడి కిటికీల పద్ధతి. ఈ అమరిక ఫైలుకు చెందుతుంది, ఫారానికి కాదు. అందుకే ఫారాలు వచ్చాయి, అది రాలేదు. ఫైల్, ఆప్షన్స్, కరెంట్ డేటాబేస్‌లోకి వెళ్లి 'ఓవర్‌ల్యాపింగ్ విండోస్' ఎంచుకోండి. డేటాబేసును మూసి మళ్లీ తెరవండి. మూయకుండా చూసి మారలేదని నాకు రాయకండి.

మిగతా రెండూ వేరే జబ్బులు. వాటికి నాకు అంకెలు కావాలి. పాత మానిటర్ ఎన్ని పిక్సెళ్లు, కొత్తది ఎన్ని, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ ఎంత శాతం, కొనుగోలు ఫారం వెడల్పు, డీటెయిల్ సెక్షన్ (రికార్డు గడులుండే మధ్య భాగం) ఎత్తు.

గంటస్తంభం కుర్రాడు | సోమవారం, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, పది కేసుల్లో ఎనిమిదింటికి రిపేరే పనిచేస్తుంది. అనుభవంతో చెప్పాను.

ఆమదాలవలస మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 1:31

బాబూ, రిపేర్ చేసేటప్పుడు మీరు యాక్సెస్‌ను మూసి తెరుస్తారు. ఆ ఎనిమిదింటిలో ఎన్ని మూసి తెరవడం వల్ల బాగయ్యాయో ఎప్పుడైనా చూశారా?

కాశీబుగ్గ గుమాస్తా | సోమవారం, సాయంత్రం 4:05

మాస్టారూ, మీకు దండం పెట్టాలి. మూసి తెరిచాను, రైతు వివరాల ఫారం మళ్లీ చిన్న కిటికీలో వచ్చింది. ఆటో సెంటర్ 'యెస్' ఉన్నందువల్ల మధ్యకే వచ్చి నిలబడింది.

అంకెలు ఇవిగో. పాతది పదిహేడు అంగుళాల చదరపు మానిటర్, 1280 × 1024, స్కేల్ 100 శాతం. కొత్తది 1920 × 1080, స్కేల్ 150 శాతం. కొనుగోలు ఫారం వెడల్పు 12.8 అంగుళాలు. డీటెయిల్ సెక్షన్ ఎత్తు 9.6 అంగుళాలు.

నాకు అర్థం కానిది ఒకటి. కొత్త తెరకు పిక్సెళ్లు ఎక్కువ కదా, మరి ఎక్కువ పట్టాలి గానీ తక్కువ పట్టడం ఏమిటి?

ఆమదాలవలస మాస్టారు | సోమవారం, రాత్రి 8:45

క్లాసుల నుంచి ఇప్పుడే వచ్చాను. అందరూ పడే సందేహమే ఇది. కాగితం తీసుకోండి.

యాక్సెస్ తన ఫారాలను పిక్సెళ్లతో కొలవదు. దాని కొలమానం పేరు ట్విప్. అంగుళానికి 1440 ట్విప్‌లు, సెంటీమీటరుకు 567. మీరు ప్రాపర్టీ షీట్‌లో అంగుళాలు రాసినా లోపల అది ట్విప్‌లుగానే దాచుకుంటుంది. ఆ ట్విప్‌లను తెర మీద ఎన్ని పిక్సెళ్లుగా గీయాలో విండోస్ స్కేల్ చెబుతుంది. 100 శాతంలో అంగుళానికి 96 పిక్సెళ్లు, అంటే ఒక పిక్సెల్‌కు 15 ట్విప్‌లు. 125 శాతంలో 12. 150 శాతంలో 10.

ఇప్పుడు మీ పాత మానిటర్ వెడల్పు: 1280 × 15 = 19,200 ట్విప్‌లు, అంటే 13.33 అంగుళాలు. కొత్త ల్యాప్‌టాప్: 1920 × 10 = 19,200. అదే 13.33. వెడల్పులో మీకు ఒక్క వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు, 12.8 అంగుళాల ఫారం దర్జాగా పడుతుంది.

ఎత్తు చూడండి. పాతది 1024 × 15 = 15,360 ట్విప్‌లు, 10.67 అంగుళాలు. కొత్తది 1080 × 10 = 10,800 ట్విప్‌లు. ఏడున్నర అంగుళాలు! మూడు అంగుళాలకు పైగా పోయింది. అందులోనే పైన రిబ్బన్, కింద టాస్క్‌బార్ తమ వాటా తీసుకుంటాయి. మీ మొత్తాలూ రశీదు బటనూ ఎక్కడికీ పోలేదు, కింద చీకట్లో ఉన్నాయి. మీరు చదరపు తెర కోసం కట్టిన ఇంటిని పొడుగు వరండాలో పెట్టారు.

మార్గాలు రెండు. స్కేల్‌ను 125 శాతానికి దించితే 1080 × 12, అంటే 9 అంగుళాల ఎత్తు దొరుకుతుంది. లేదా మొత్తాలనూ బటన్లనూ డీటెయిల్ సెక్షన్ నుంచి తీసి ఫారం ఫుటర్‌లో పెట్టండి. డీటెయిల్ ఎంత జారినా ఫుటర్ కిటికీ అడుగున అంటిపెట్టుకునే ఉంటుంది. నేనైతే రెండోదే చేస్తాను. రేపు ఇంకో మానిటర్ వస్తే మొదటిది మళ్లీ ఏడిపిస్తుంది.

కాశీబుగ్గ గుమాస్తా | సోమవారం, రాత్రి 9:10

125 శాతం కుదరదు మాస్టారూ. మా యజమానికి అరవై దాటాయి. కొత్తది కొన్నదే అక్షరాలు పెద్దగా కనబడాలని. ఫుటర్ పని పొద్దున చేస్తాను.

బొబ్బిలి వీణ | మంగళవారం, ఉదయం 7:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాదీ ఫారం సమస్యే. మా మహిళా పొదుపు సంఘాల ఖాతా చూస్తాను. వరుసగా సభ్యులందరూ కనిపించే కంటిన్యువస్ ఫారం. వాయిదా తప్పినవారి గడి ఎర్రగా రావాలని ఆన్ కరెంట్‌లో (ఒక రికార్డు మీదకు వెళ్లగానే నడిచే కోడ్‌లో) రెండు లైన్లు రాశాను. ఎర్ర సభ్యురాలి మీద నొక్కితే నలభై మందీ ఎర్రబడుతున్నారు. కింద ఇంకొకరి మీద నొక్కితే నలభై మందీ తెల్లబడుతున్నారు. నిన్న సమావేశంలో ఇది చూసి ఒకావిడ, నేను ఎప్పుడు ఎగ్గొట్టాను అని తగువుకు వచ్చింది.

ఆమదాలవలస మాస్టారు | మంగళవారం, ఉదయం 8:02

వీణ గారూ, కంటిన్యువస్ ఫారంలో మీకు నలభై గడులు కనిపిస్తున్నాయి గానీ ఉన్నది ఒకే గడి. యాక్సెస్ దాన్నే నలభైసార్లు గీస్తుంది. కోడ్‌తో దానికి రంగు పూస్తే ప్రతి గీతకూ అదే రంగు. మీ రెండు లైన్లూ తీసేసి ఆ గడికి కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి. 'ఎక్స్‌ప్రెషన్ ఈజ్' ఎంచుకుని బాకీ సున్నా కంటే ఎక్కువ అని షరతు రాస్తే ప్రతి రికార్డుకూ విడిగా లెక్క చూసుకుంటుంది. యాక్సెస్ 2007 వరకు ఒక గడికి మూడు షరతులే, 2010 నుంచి యాభై.

బైండ్ చేయని గడి, అంటే టేబుల్‌కు ముడిపెట్టనిది, పెట్టినా ఇదే కథ. ఒక వరుసలో టైప్ చేస్తే అన్ని వరుసల్లోనూ అదే కనిపిస్తుంది.

బొబ్బిలి వీణ | మంగళవారం, ఉదయం 8:40

అయింది! ఆ తగువుకు వచ్చినావిడకు చూపించాను. ఆవిడ గడి నిజంగానే ఎర్రగా ఉంది.

పొందూరు నూలు | మంగళవారం, ఉదయం 9:15

గుమాస్తా గారి ఒత్తుల సంగతికి ఎవరూ రాలేదు. నా అనుమానం ఫాంటు మీద. విండోస్ 7లో గౌతమి, వాణి అనే తెలుగు ఫాంట్లు ఉండేవి. విండోస్ 10 నుంచి నిర్మలా మాత్రమే ముందుగా ఉంటుంది, ఆ రెండూ 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' పేరుతో ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లాయి. ఫారంలో గౌతమి అని రాసి ఉండి, యంత్రంలో గౌతమి లేకపోతే విండోస్ మరో ఫాంటును దాని స్థానంలో కూర్చోబెడుతుంది. కొలతలు కలవవు. మా ఖాదీ లెక్కల ఫారంలో నాకు ఇలాగే గడులు ఇరుకయ్యాయి. ఆ ఫీచర్ ఎక్కించి చూడండి.

కాశీబుగ్గ గుమాస్తా | మంగళవారం, ఉదయం 11:25

ముందుగా మాస్టారికి: ఫుటర్ పెట్టాను, మొత్తాలు దిగువన చక్కగా నిలిచాయి. కానీ రశీదు బటన్ నొక్కితే ఉలకదు, పలకదు. డీటెయిల్‌లో కట్ చేసి ఫుటర్‌లో పేస్ట్ చేశాను, ఇంకేమీ ముట్టుకోలేదు.

పొందూరు గారికి: మీరు చెప్పినట్టే నా ఫారంలో గౌతమి ఉంది, ల్యాప్‌టాప్‌లో లేదు. ఎక్కించాను. అక్షరం రూపు పాతదానిలా మారింది. అపన మారలేదు.

ఆమదాలవలస మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 1:10

కట్ చేసి పేస్ట్ చేసినప్పుడు బటన్‌కూ కోడ్‌కూ మధ్య ముడి తెగిపోతుంది. కోడ్ అలాగే ఉంటుంది, ఎవరూ దాన్ని పిలవరు. బటన్ ప్రాపర్టీల్లో ఈవెంట్ ట్యాబ్‌కు వెళ్లండి, ఆన్ క్లిక్ ఖాళీగా కనిపిస్తుంది. అక్కడ 'ఈవెంట్ ప్రొసీజర్' ఎంచుకోండి.

ఒత్తులకు: ఆ గడి ఎత్తు ఎంత? ఫాంటు సైజు ఎంత? అడిగినవి తప్ప ఏమీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకోకండి, ఈమధ్య ఆ ఫారంలో మీరు మార్చినవన్నీ చెప్పండి.

నెల్లిమర్ల పాతకాపు | మంగళవారం, మధ్యాహ్నం 2:00

ఇంత యాతన ఎందుకండీ? ఫారం తెరుచుకోగానే తెర కొలత చూసి, ప్రతి గడినీ అదే నిష్పత్తిలో పెంచే తగ్గించే కోడ్ రాసుకుంటే సరి. నేను జూట్ మిల్లు హాజరు ఫారాలకు ఏళ్ల తరబడి అదే వాడాను. ఏ మానిటర్ పెట్టినా ఒకేలా నిండుగా కనిపిస్తుంది.

ఆమదాలవలస మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

పాతకాపు గారూ, మీరు రాసుకున్నారు కాబట్టి మీకు నడిచింది. గుమాస్తా గారి చేతిలో పెడితే ఏమవుతుంది? కాంబో బాక్సులో నిలువు వరుసల వెడల్పులు విడిగా మార్చాలి. ట్యాబ్ కంట్రోల్ లోపల ఉన్నవి బయటివాటికంటే ముందు పెరిగితే గోడ దాటుతున్నాయని లోపం చూపిస్తుంది. ఫారం వెడల్పుకూ సెక్షన్ ఎత్తుకూ 22 అంగుళాల హద్దు ఉంది, పెద్ద తెర మీద దానికి తగులుకుంటుంది. మీరు ఊరెళ్లిన రోజున అది ఆగితే ఎవరిని పిలవాలి?

2007 నుంచి యాంకరింగ్ అనే సదుపాయం ఉంది. రిమార్కుల గడి లాంటి ఒకటి రెండింటిని కుడి అంచుకూ కట్టేస్తే కిటికీతోపాటు అవే సాగుతాయి. మిగతావి ఉన్నచోటే ఉండనివ్వండి.

నెల్లిమర్ల పాతకాపు | మంగళవారం, మధ్యాహ్నం 3:05

యాంకరింగ్‌తో గడి సాగుతుంది, అక్షరం పెరగదు. కంటిచూపు తగ్గినవాడికి ఖాళీ గడి పెద్దదైతే ఏం లాభం? నా కోడ్ అక్షరాన్నీ పెంచుతుంది. మీ మాట కొట్టిపారేయను గానీ, నేను నాదే వాడతాను.

రాజాం అమ్మాయి | మంగళవారం, మధ్యాహ్నం 3:30

మాస్టారూ, నాది చిన్న సందేహం. ప్రాజెక్టు కోసం విజర్డ్‌తో ఫారం చేశాను. ఒక గడి వెడల్పు తగ్గిస్తే ఆ వరుసలో ఉన్నవన్నీ తగ్గుతున్నాయి. ఒకటి కదిపితే అన్నీ కదులుతున్నాయి. దీన్ని విడదీయలేమా?

పొందూరు నూలు | మంగళవారం, మధ్యాహ్నం 3:52

అమ్మా, అవి లేఅవుట్‌లో ఉన్నాయి, ఒకే పడుగుకు ఎక్కించిన దారాల్లాగా. అన్నిటినీ ఎంచుకుని అరేంజ్ ట్యాబ్‌లో 'రిమూవ్ లేఅవుట్' నొక్కితే విడిపోతాయి. మరి సమంగా పేర్చుకునే బాధ్యత మీదే అవుతుంది. నేనైతే సగం పని లేఅవుట్‌లో చేసి తరవాత విడదీస్తాను.

నాదీ ఒక అనుభవం చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. మార్చి నెలాఖరు దాటాక ఒకరోజు ఫారం తెరిస్తే హెడర్ తప్ప కింద ఏమీ లేదు. లేబుళ్లు లేవు, గడులు లేవు, గోడలా బూడిదరంగు. ఎవరో తుడిచేశారని హడలిపోయాను. తీరా చూస్తే ఫారం నడుస్తున్న క్వెరీలో (రికార్డులను ఏరి ఇచ్చే దానిలో) 'ఈ ఆర్థిక సంవత్సరం' అనే షరతు ఉంది, కొత్త సంవత్సరంలో ఇంకా ఒక్క రికార్డూ లేదు. పైగా ఆ ఫారానికి 'అలో అడిషన్స్' నో. చూపించడానికి పాత రికార్డు లేదు, కొత్తది వేయడానికి అనుమతి లేదు. ఆ రెండూ కలిస్తే డీటెయిల్ సెక్షన్ మొత్తం మాయమవుతుంది. క్వెరీ మార్పులకు వీలివ్వని రకమైనా ఇదే జరుగుతుంది.

కాశీబుగ్గ గుమాస్తా | మంగళవారం, సాయంత్రం 6:20

రశీదు బటన్ పనిచేసింది. మాస్టారు చెప్పినట్టే ఆన్ క్లిక్ ఖాళీగా ఉంది.

ఒత్తుల విషయంలో ఒక మాట దాచలేదు గానీ మరిచిపోయాను. ల్యాప్‌టాప్ వచ్చిన రోజే యజమాని అక్షరాలు ఇంకా పెద్దగా కావాలన్నారు. ఫారంలో గడులన్నీ ఒకేసారి ఎంచుకుని ఫాంటు సైజు 9 నుంచి 12 చేశాను. గడి ఎత్తు 0.2 అంగుళం. అది నేను పెట్టిన రోజు నుంచి అదే.

ఆమదాలవలస మాస్టారు | మంగళవారం, సాయంత్రం 6:34

నిన్నటి నుంచి ఫాంటును, విండోస్‌ను, తెరను అనుమానించాం. దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

గడి 0.2 అంగుళం అంటే 288 ట్విప్‌లు. ఒక పాయింటు 20 ట్విప్‌లు. 9 పాయింట్ల అక్షరానికి 180 పోగా మీకు 108 మిగిలేవి, ఒత్తులు అందులో తలదాచుకునేవి. 12 పాయింట్లకు 240. ఇక మిగిలింది 48. ఇంగ్లీషు అక్షరానికి ఆ జాగా సరిపోవచ్చు, దాని కిందికి దిగేది చిన్న తోక మాత్రమే. మన లిపిలో ఒత్తు అంటే అక్షరం కింద మరో అక్షరం. ఫాంటు మారినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే.

ఎత్తు 0.35 పెట్టి చూడండి. పరీక్షకు అప్పన్న గారు చాలరు. 'రాష్ట్రం', 'జ్యోత్స్న' టైప్ చేయండి. వాటికి ఒత్తు కింద ఒత్తు ఉంటుంది. అవి పూర్తిగా కనిపిస్తే మీ జాబితాలో ఏ పేరైనా కనిపిస్తుంది.

గడికి 'కెన్ గ్రో' యెస్ పెడితే చాలని ఎవరైనా చెబుతారు. అది ముద్రణలో, ప్రింట్ ప్రివ్యూలో మాత్రమే పనిచేస్తుంది. తెర మీద గడి అంగుళం కూడా పెరగదు.

గంటస్తంభం కుర్రాడు | మంగళవారం, రాత్రి 7:15

కెన్ గ్రో పెట్టమని రాయబోతూ ఆగాను.

కాశీబుగ్గ గుమాస్తా | బుధవారం, ఉదయం 9:50

అప్పన్న గారు తిరిగి అప్పన్న గారయ్యారు. కొత్తపల్లికి రెండు ఒత్తులూ వచ్చాయి. 0.35 పెడితే గడులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, వాటిని సర్దడానికి రాత్రి పదకొండు అయింది. డీటెయిల్ ఎత్తు పెరిగిపోయింది. అందుకే లారీ, కాటా వివరాలను వేరే పేజీకి మారుద్దామని ట్యాబ్ కంట్రోల్ పెట్టాను. లారీ నంబరు గడిని రెండో ట్యాబ్ మీదకు లాగాను. ఇప్పుడు అది ఏ ట్యాబ్ నొక్కినా కనిపిస్తోంది.

రాజాం అమ్మాయి | బుధవారం, ఉదయం 10:05

ఇది నాకు తెలుసు అన్నయ్యా, మంగళవారం రాత్రి నేనూ ఇదే చేశాను! లాగితే గడి ట్యాబ్ మీద ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఫారం మీదే ఉంటుంది. కట్ చేయండి, రెండో ట్యాబ్ పేరు మీద ఒకసారి నొక్కి ఆ పేజీని ఎంచుకోండి, అప్పుడు పేస్ట్ చేయండి. సరిగా పడితే ట్యాబ్ మార్చగానే మాయమవుతుంది. కోడ్ ఉంటే మాస్టారు చెప్పిన ముడి మళ్లీ వేసుకోండి.

కాశీబుగ్గ గుమాస్తా | బుధవారం, మధ్యాహ్నం 3:40

ట్యాబ్ సరిపోయింది, థాంక్స్ తల్లీ. కానీ ఇప్పుడు అసలు పని ఆగింది. పొద్దున రెండు గంటలు రశీదులు వచ్చాయి. భోజనం తరవాత బటన్ నొక్కితే రశీదు ఫారం రావడం లేదు. ఎక్కడ నొక్కినా టంగుమని చప్పుడు, యాక్సెస్ దేనికీ లొంగడం లేదు. టాస్క్ మేనేజర్‌తో ఆపి మళ్లీ తెరిస్తే మళ్లీ అంతే. గేటు దగ్గర రెండు బండ్లు ఉన్నాయి, రశీదులు చేత్తో రాస్తున్నాను.

గంటస్తంభం కుర్రాడు | బుధవారం, మధ్యాహ్నం 3:46

అన్నగారూ, పొద్దున ల్యాప్‌టాప్‌కు ఇంకో మానిటర్ తగిలించారా?

కాశీబుగ్గ గుమాస్తా | బుధవారం, మధ్యాహ్నం 3:52

అవును. గడులు సర్దడానికి జాగా చాలక పాత చదరపు మానిటర్‌ను పక్కన తగిలించాను. మధ్యాహ్నం తీసేశాను. మీకు ఎలా తెలిసింది?

గంటస్తంభం కుర్రాడు | బుధవారం, మధ్యాహ్నం 3:58

అయితే ఫారం తెరుచుకుంది, మీకు కనిపించడం లేదంతే. అది పాపప్, మోడల్ (Modal) రెండూ 'యెస్' ఉన్న ఫారం అయి ఉంటుంది. పొద్దున దాన్ని రెండో మానిటర్ మీద పెట్టి సేవ్ చేశారు. ఇప్పుడు ఆ మానిటర్ లేకపోయినా అదే చోటుకు వెళ్లి కూర్చుంటోంది. మోడల్ కాబట్టి దాన్ని మూస్తే గానీ వెనక ఉన్నవేవీ కదలవు, ఆ టంగు అందుకే.

బటన్ నొక్కాక ఆల్ట్ పట్టుకుని స్పేస్ నొక్కండి, తరవాత ఎం నొక్కండి, ఒకసారి ఎడమ బాణం నొక్కి మౌస్ కదపండి. ఫారం మౌస్‌కు అంటుకుని వస్తుంది. తరవాత డిజైన్‌లోకి వెళ్లి ఆటో సెంటర్ 'యెస్' పెట్టండి, మళ్లీ దారి తప్పదు.

కాశీబుగ్గ గుమాస్తా | బుధవారం, మధ్యాహ్నం 4:09

వచ్చింది తమ్ముడూ, వచ్చింది! కుడివైపు నుంచి జారుకుంటూ వచ్చింది. బండ్లు వెళ్లాయి.

ఆమదాలవలస మాస్టారు | బుధవారం, సాయంత్రం 5:30

కుర్రాడు గారూ, ఇది నాకు తట్టేది కాదు. నాకు రెండో మానిటర్ లేదు.

గుమాస్తా గారూ, పని నడుస్తున్న ఫైలులో డిజైన్ మార్చడం ఇకనైనా మానండి. టేబుళ్లు ఒక ఫైలులో, ఫారాలు మరో ఫైలులో ఉండేలా డేటాబేసును విడగొట్టండి. ఫారాల ఫైలుకు నకలు తీసి దాని మీద ప్రయోగాలు చేసుకోండి, కుదిరాక మార్చుకోండి. బండ్లు గేటు దగ్గర ఆగవు. ఒకే ఫారాన్ని ఏళ్ల తరబడి కోసి అతికేవారికి ఇంకో సంగతి: ఒక ఫారం జీవితకాలంలో చేర్చగల గడులకూ సెక్షన్లకూ కలిపి ఒక హద్దు ఉంది, పాత వెర్షన్లలో అది 754. తీసేసినవి కూడా లెక్కలోకే వస్తాయి. ఆ హద్దు తగిలితే ఫారానికి నకలు తీసుకుంటే లెక్క మళ్లీ మొదలవుతుంది.

కాశీబుగ్గ గుమాస్తా | గురువారం, ఉదయం 11:00

విడగొట్టాను. ఈ ఉదయం నుంచి అన్నీ నడుస్తున్నాయి. చివరిగా ఒకటి. నెల ముగింపు కొనుగోళ్ల రిపోర్టు ముద్రిస్తే ఒక కాగితం అచ్చు, ఒక కాగితం ఖాళీ, మళ్లీ అచ్చు, మళ్లీ ఖాళీ. ప్రింటర్ ఇంకు బాగానే ఉంది.

పొందూరు నూలు | గురువారం, ఉదయం 11:20

రిపోర్టు వెడల్పు ఎంత? పక్క మార్జిన్లు ఎంత? మగ్గం వెడల్పును మించి బట్ట రాదు కదా, ఇదీ అంతే. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్లు, అంటే 8.27 అంగుళాలు. రిపోర్టు వెడల్పు, రెండు మార్జిన్లు కలిపి దాన్ని దాటితే, మిగిలిన రవ్వంత ముక్కను ముద్రించడానికి యాక్సెస్ ఇంకో కాగితం తీసుకుంటుంది. ఆ ముక్కలో గడులేవీ లేకపోతే ఖాళీ కాగితం వస్తుంది.

కాశీబుగ్గ గుమాస్తా | గురువారం, ఉదయం 11:48

వెడల్పు 7.9, మార్జిన్లు పావు అంగుళం చొప్పున రెండు. మొత్తం 8.4. కుడి అంచున ఒక గీత బయటికి పొడుచుకుని ఉంది, దాన్ని కుదించి వెడల్పు 7.7 చేశాను. ఖాళీలు ఆగాయి.

ఇప్పటిదాకా వచ్చిన ఖాళీ కాగితాలు నలభైకి పైగా ఉన్నాయి. యజమాని వాటిని క్లిప్పు పెట్టించి, కాటా దగ్గర బస్తాలు రాసుకోవడానికి పంపారు.